తెలుగు ప్రముఖుల గోడ చార్టు: ప్రింటుకి మంచి మార్కులు, రాతకి సగమే

తిరుపతి గాంధీ రోడ్డులోని ఓ స్టేషనరీ షాపులో మా ఏడో తరగతి గది కోసం ఈ చార్టు కొన్నాను. రంగులు బాగున్నాయి, ల్యామినేషన్ గట్టిది, పిల్లల చేతి మరకలు తడిగుడ్డతో పోతున్నాయి. నా బాధంతా రాసినదాని గురించే.

టంగుటూరి ప్రకాశం పంతులు గారి బొమ్మ పెద్దగా వేసి, సైమన్ కమిషన్‌కి ఎదురునిలవడం, ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి కావడం రాశారు. తిరుపతిలో అమ్మే చార్టులో ఎస్వీ యూనివర్సిటీ ఊసే లేకపోతే ఎలా? అది 1954లో ఆయన ప్రభుత్వం ఉండగానే మొదలైంది. ఆ నవంబరులోనే ప్రభుత్వం పడిపోయింది. యూనివర్సిటీ నిలిచింది, నేను ఎమ్మెస్సీ చదివింది అక్కడే.

యల్లాప్రగడ సుబ్బారావు గారికి ఇంకా అన్యాయం. కింద మూలన చిన్న బొమ్మ, పక్కన ‘గొప్ప శాస్త్రవేత్త’, అంతే! భీమవరంలో పుట్టి, అమెరికా వెళ్లి, 1948లో చనిపోయేలోపు ఆయన చేసిన పని ఇప్పటికీ మన ఇళ్లలో ఉంది. ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబులో తయారు చేసింది ఆయన బృందమే. స్కూల్లో వారానికోసారి పిల్లలకిచ్చే ఐరన్ మాత్రలో అదుంటుంది. మా అమ్మ కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్, బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర కూడా ఆయన నడిపిన పరిశోధనల నుంచి వచ్చినవే. ఇవి చెప్పినప్పుడు క్లాసంతా ఆ మూల బొమ్మ దగ్గరికి లేచి వచ్చింది.

“ఇద్దర్లో ఎవురు గొప్ప మేడం?” అనడిగాడు ఒకడు. ఎవరి పని ఎక్కువకాలం నిలుస్తుందంటే, నా ఓటు సుబ్బారావు గారికే. యూనివర్సిటీకి ఏటా నిధులు రావాలి, ఖాళీలు నింపాలి, పట్టించుకోకపోతే నీరసించిపోతుంది. మందు ఎలా పనిచేస్తుందో ఒకసారి తెలిశాక, ఎవరు అధికారంలో ఉన్నా అది అలాగే పనిచేస్తుంది. వెనక బెంచీ అమ్మాయి ఊరుకోలేదు. “ఆ మాత్ర బడికి పంపేది గవర్నమెంటే కదా మేడం?” నిజమే. కనిపెట్టడం ఒకరి పని, పేదింటి బిడ్డ దాకా చేర్చడం ఇంకొకరి పని. అయినా నా ఓటు మార్చుకోలేదు.

కొనేవాళ్లు కొనండి, ధరకి తగ్గ సరుకే. టీచర్లయితే సుబ్బారావు గారి బొమ్మ కింద ఆ మూడు మందుల పేర్లు రాసి అంటించండి. అచ్చు వేసేవాళ్లు వచ్చేసారి ఆయనకీ నాలుగు లైన్లు కేటాయించాలి, ప్రకాశం గారి లైన్లలో ఎస్వీ యూనివర్సిటీ పేరు చేర్చాలి.