తుప్పు పట్టిన సీజే 3బీ జీపు, చిత్తూరు వేలం: నా రివ్యూ

చిత్తూరు నుంచి పుత్తూరు పోయే రోడ్డులో మూతపడిన ఒక మ్యాంగో పల్ప్ ఫ్యాక్టరీ వాళ్ళు మొన్న వాళ్ళ పాత బండ్లన్నీ వేలం వేసినారు, లిస్టులో రెండు జీపులు ఉన్నాయని తెలిసి నేనూ మా మెకానిక్ భాయ్ పోయినాం. మన పక్క తోటల్లో, రైస్ మిల్లుల వెనకాల ఇట్లాంటి జీపులు ఇంకా చానా ఉన్నాయి, కొందరేమో తుక్కోళ్ళకి తూకానికి అమ్మేస్తా ఉన్నారు, ఇంకొందరు పైన పెయింట్ చూసి లక్షలు పోస్తా ఉన్నారు, రెండూ చూస్తే బాధగా ఉంటుంది, అందుకే రేటు ఎట్లా లెక్క వేసుకున్నామో మొత్తం రాస్తున్నా.

మొదటి జీపు గేటు దగ్గరే పెట్టినారు. నీలం రంగు మెరిసిపోతా ఉంది, అల్లాయ్ వీల్స్, లావు టైర్లు, మ్యాటడోర్ వ్యాన్‌ది డీజిల్ ఇంజన్ వేసినారు, సెల్ఫ్ కొడితే ఒక్కసారికే స్టార్ట్ అయింది, జనమంతా దాని చుట్టూనే. రెండోది వెనక కాంపౌండ్ గోడ పక్కన, టాప్ లేదు, సీట్లు లేవు, గాల్లేని టైర్ల మీద కూర్చుని ఉంది, ఏ రంగు బండో కూడా తెలియనంత తుప్పు. ఆర్‌సీలో 1972 మోడల్, పెట్రోల్. దాని దగ్గరికి తుక్కు వ్యాపారులు తప్ప ఎవరూ రాలేదు.

భాయ్ నేరుగా రెండోదాని దగ్గరికే పోయి బానెట్ ఎత్తినాడు. సీజే 3బీ (ఈ జీపు మోడల్ పేరు) బానెట్, విల్లీస్ అనే అమెరికా కంపెనీ మామూలు జీపుల కన్నా ఎత్తుగా ఉంటుంది చూడండి, అది అందం కోసం కాదు, లోపలుండే హరికేన్ ఇంజన్ ఎత్తు ఎక్కువ, ఇన్‌టేక్ వాల్వులు హెడ్‌లో ఉంటాయి, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉంటాయి, 2.2 లీటర్లు, నాలుగు సిలిండర్లు. మహీంద్రా వాళ్ళు విల్లీస్ లైసెన్స్ మీద మన దేశంలో చేసిన మోడల్ ఇది. ఈ బండిలో ఆ ఇంజన్ అట్లే ఉంది, మార్చలేదు! కార్బరేటర్ లేదు, డైనమో లేదు, అయినా బ్లాకు అదే, నంబరు ఆర్‌సీతో కలిసింది. ప్లగ్గులు తీసి కొంచెం ఆయిల్ పోసి, కాసేపు ఆగి ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పితే గట్టిగానే అయినా తిరిగింది, అంటే పట్టేయలేదు. అక్కడికే నాకు సగం ధైర్యం వచ్చింది.

అసలు పరీక్ష కింద. భాయ్ గోనెసంచి పరుచుకుని బండి కింద దూరి చిన్న సుత్తితో చాసిస్ (బండిని మోసే ఇనుప ఫ్రేము) పొడుగూతా కొట్టుకుంటా పోయినాడు. మంచి ఇనుము టంగుమని మోగుతుంది, లోపల తిన్న చోట డబ్ అని మొద్దుగా వస్తుంది, పక్కనే నిలబడి వింటే నాకే తేడా తెలిసిపోయింది. ముందు కమాన్ పట్టీలు బిగించే చోట, వెనక చివర అడ్డపట్టీ దగ్గర స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూసినాడు, ఎందుకంటే మట్టి, నీళ్ళు నిలిచేది అక్కడే. వెనక అడ్డపట్టీలో ఎడమ పక్క జానెడు మేర అప్పడంలా పెళపెళ రాలింది, మిగతా చాసిస్ గట్టిగా ఉంది. నంబర్ ఉన్న చోట వైర్ బ్రష్ వేసి కిరోసిన్‌తో తుడిస్తే అంకెలు అన్నీ కనపడినాయి, గ్రైండర్ గీతలు లేవు, వెల్డింగ్ లేదు. మన పక్క ఇది మరీ మరీ చూసుకోవాలి, ఎర్రచందనం కేసుల బండ్లు తిరిగే చోటు కదా, నంబర్ దిద్దిన చాసిస్ ఎంత చవకగా వచ్చినా ముట్టుకోకూడదు.

ఫ్లోరు మొత్తం పోయింది, డ్రైవర్ కాళ్ళ కింద నేల కనిపిస్తా ఉంది. జనం దీన్ని చూసే భయపడినారు. నేను భయపడలా. బాడీ రేకు కొత్తగా కొట్టించుకోవచ్చు, హర్యానాలో మండీ డబ్వాలీ నుంచి పూర్తి బాడీలే వస్తాయి, ఇక్కడ మంచి టింకరింగ్ పనోడు ఉంటే ఫ్లోరు, మడ్‌గార్డులు ఇక్కడే చేస్తాడు. చాసిస్ పోతే మాత్రం బండే పోయినట్టు, ఎందుకంటే నంబర్ దానిమీదే ఉంది, ఆర్‌సీ దానికే.

నీలం జీపు చాసిస్‌కి మందంగా నల్ల పెయింట్ కొట్టినారు, అయస్కాంతం పెడితే పక్క ప్యానెల్ మీద అతుక్కోలా, కింద అంతా పుట్టీ. ఆర్‌సీలో పెట్రోల్ అని ఉంది, ఇంజన్ డీజిల్, ఆర్టీఓ దగ్గర ఎక్కించుకోలా. దాని పాట మూడు లక్షల ఇరవై వేలకి పోయింది. కొన్నాయన సంతోషంగానే తీసుకుపోయినాడు, కానీ రేపు రెన్యువల్‌కి పోతే ఆ ఇంజన్ దగ్గర ఆగిపోతుందని నా బెంగ.

ఇంజన్ మార్చకపోవడం ఎందుకంత ముఖ్యం అంటే, 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకి వేరే రూల్స్ తెచ్చింది, మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్ళు దాటి ఉండాలి, చాసిస్, బాడీ షెల్, ఇంజన్ మార్చకుండా ఒరిజినల్‌గా ఉండాలి, అప్పుడు నంబరులో వీఏ అక్షరాలు వచ్చే ప్లేటు ఇస్తారు, పదేళ్ళ దాకా చెల్లుతుంది, కొత్తగా అయితే ఫీజు 20,000. కానీ ఆ ప్లేటుతో రోజూ తిరగడానికి లేదు, ర్యాలీలు, ఎగ్జిబిషన్లు, రిపేర్లకి మాత్రమే. తోటకి పోవాలి, తలకోన పోవాలి అనుకుంటే మామూలు ఆర్‌సీనే అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, 20 ఏళ్ళు దాటిన కార్లు, జీపులకి ఆ ఫీజు 2025 ఆగస్టు నుంచి 10,000 అయింది. నాకు తోట పని ఉంది కాబట్టి మామూలు ఆర్‌సీనే ఉంచుకుంటా.

ఇంక లెక్క. బండి సుమారు టన్ను, ఆ రోజు తుక్కోళ్ళు కిలో ముప్పై అంటున్నారు, అంటే దాని కనీస రేటు ముప్పై వేలు. పేపర్లు సరిగ్గా ఉండి నడిచే ఒరిజినల్ పెట్రోల్ జీపుకి నేనైతే మూడున్నర లక్షలు ఇస్తా. టింకరింగ్, పెయింట్ తొంభై వేలు, ఇంజన్ పని అరవై, బ్రేకులు, వైరింగ్, టైర్లు కలిపి యాభై, అంటే రెండు లక్షలు. మిగిలేది లక్షన్నర, అదే నా హద్దు. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే పెట్టె), దాని రెండు లివర్లూ ఒరిజినల్‌గా ఉండటం చూసి భాయ్ "అన్నా, ఇంకో పదివేలు పెట్టినా నష్టం లేదు" అన్నాడు, అయినా నేను హద్దు మార్చలా. మొదటి పాట ముప్పై అయిదు, తుక్కోళ్ళు అరవై దాకా పాడినారు, తర్వాత బెంగుళూరు నుంచి వచ్చిన ఒకాయనతో పోటీ, ఒక లక్షా ముప్పై ఎనిమిది వేల దగ్గర నాకు మూడోసారి కొట్టినారు.

వేలం పెట్టినోళ్ళ గురించి చెప్పాలంటే, డబ్బు విషయంలో శుభ్రంగా ఉన్నారు, పదివేలు డిపాజిట్ పాట దక్కనోళ్ళకి ఆ సాయంత్రమే ఇచ్చేసినారు, రసీదు ఇచ్చినారు. కానీ బండి చూసుకోవడానికి సరిగ్గా టైమ్ ఇవ్వలా, జాకీ పెట్టనివ్వలా, లిస్టులో చాసిస్ నంబర్లే వేయలా, అడిగితే "ఉన్నది ఉన్నట్టే సార్" అని ఒకటే మాట. ఉన్నదేందో చూడనివ్వాలి కదా! అయిదుకి మూడు ఇస్తా.

ఇది ప్రైవేటు వేలం కాబట్టి ఓనరు పేరు మార్చే ఫారం 29, 30 మీద కంపెనీ సీలు, సంతకం వేయించుకునే డబ్బు కట్టినా. సర్కారు తరఫున జరిగే వేలంలో కొంటే ఫారం 32, బండి చేతికొచ్చిన 30 రోజుల్లోపల పెట్టాలి. ఆఫీసు జీపులు తక్కువకి వస్తాయని ఆశపడే వాళ్ళు ఒకటి చూసుకోండి, 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ బండ్లకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు, అవి తుక్కుకే పోవాలి, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

బండిని ట్రాలీ మీద వేసుకుని భాయ్ షెడ్డుకి తెచ్చినాం. వెనక అడ్డపట్టీ కోసి కొత్తది వేయడానికి నాలుగు వేలు అడిగినాడు, నేను అనుకున్నదానికన్నా తక్కువే. కార్బరేటర్ కోసం చూస్తా ఉన్నాం, చిత్తూరు, తిరుపతి పక్క ఎవరి షెడ్డులోనైనా హరికేన్ ఇంజన్‌ది పాతది ఉంటే చెప్పండి, మంచి రేటే ఇస్తా.