సప్పోరోలో సూప్ కర్రీ: పాత కొట్టూ, కొత్త కొట్టూ

జపాన్ కర్రీ అంటే మనవాళ్లకు గుర్తొచ్చేది మైదాతో చిక్కబరిచి, కాస్త తియ్యగా, అన్నం పక్కన పోసిచ్చే గోధుమరంగు గుజ్జు. దాన్ని ఒకసారి తిని "ఇదేం కూరండీ బాబూ" అని మళ్లీ అటువైపు చూడనివాళ్లలో నేనూ ఒకణ్ని. జపాన్ ఉత్తరాన హొక్కైదో దీవిలో ఉన్న సప్పోరో ఊరి సూప్ కర్రీ దానికి చుట్టం కూడా కాదు. ఇది పల్చటి పులుసు. అందులో కూరగాయలు పెద్ద పెద్ద ముక్కలుగా ఉంటాయి, అన్నం వేరే పళ్లెంలో ఇస్తారు.

ముందు బస సంగతి. ఫిబ్రవరి మొదట్లో స్నో ఫెస్టివల్ జరిగే రోజుల్లో గదుల రేట్లు మండిపోతాయి. మేం అది అయ్యాక వెళ్లాం కాబట్టి చౌకగానే దొరికింది. స్టేషన్ పక్కన కాకుండా ఊరి నడుమనున్న ఓదోరి దగ్గర తీసుకోవడం మంచిదైంది. 2011లో తెరిచిన భూగర్భ నడకదారి స్టేషన్ నుంచి ఓదోరి దాకా వస్తుంది, అక్కణ్నుంచి మరో భూగర్భ బజారు రాత్రి సందడికి పేరున్న సుసుకినో పేట దాకా తీసుకెళ్తుంది. పైన మంచు గడ్డకట్టి కాళ్లు జారుతున్నా కింద హాయిగా నడిచి పోవచ్చు. గది మాత్రం మరీ ఇరుకు. ఒక సూట్‌కేసు తెరిస్తే రెండోది మంచం మీదికి ఎక్కాల్సిందే.

సూప్ కర్రీ పుట్టిల్లు ఈ ఊరే. 1970ల్లో ఇక్కడ అజంతా అనే చిన్న కొట్టులో మూలికలూ మసాలాలూ వేసి ఔషధంలాంటి కర్రీ పులుసు అమ్మేవారు. 1993లో తెరిచిన మ్యాజిక్ స్పైస్ దానికి సూప్ కర్రీ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చింది. వాళ్లకు ప్రేరణ ఇండోనేషియా వాళ్ల కోడి సూప్ సోతో ఆయమ్ అట. మ్యాజిక్ స్పైస్‌లో కారం మెట్లకు నిర్వాణం, శూన్యాకాశం వంటి పేర్లుంటాయి. అజంతా నుంచి నిర్వాణం దాకా అంతా మన సరుకే, పులుసు మాత్రం వాళ్లది.

మొదట తనుకికోజీ అనే బజారు వీధి దగ్గర ఒక పేరున్న పాత కొట్టుకు వెళ్లాం. మెట్ల మీద క్యూ, బయట చలి. లోపలికి వెళ్లాక గోడకు ఆనుకుని కూర్చోవాలి, తినగానే లేవాలి. రుచికి వంక పెట్టలేం. కానీ కుటుంబంతో తాపీగా తినే చోటు కాదు.

మర్నాడు మధ్యాహ్నం కొత్తగా తెరిచిన దానికి వెళ్లాం. వెడల్పాటి బల్లలు, కోటు తగిలించుకోవడానికి కొక్కేలు, ఆర్డరుకు ట్యాబ్లెట్. పులుసు రకం, అందులోకి ఏం వేయాలో, కారం ఎంతో, అన్నం ఎంతో వరసగా అడుగుతుంది. కారం అయిదో మెట్టు దాటితే పైడబ్బులు. నేను ఏడు నొక్కాను. గుండెలదిరే కారమేమీ కాదు, గొంతు దగ్గర కాస్త మండి ఊరుకుంది. జీలకర్ర, ధనియాల వాసన బాగానే తెలుస్తుంది. పోపు ఉండదు, చింతపండు పులుపూ ఉండదు. అన్నం అంచున పెట్టిన నిమ్మచెక్క పిండుకుంటే ఆ లోటు కొంత తీరుతుంది.

అసలు గొప్పతనం కూరగాయల్లో ఉంది. పిండి ముంచకుండా విడిగా నూనెలో వేయించి, ఆఖర్న పులుసులో వేస్తారు. వంకాయ తోలు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల మాత్రం వెన్నలా కరుగుతుంది. గుమ్మడి ముక్క అంచులు కరకరలాడాయి. క్యారెట్ నిలువునా సగం, బంగాళదుంప తొక్కతోనే. జపాన్‌లో పండే బంగాళదుంపల్లో నాలుగింట మూడొంతులకు పైగా హొక్కైదోవే, ఆ తాజాదనం నాలుకకు తెలుస్తుంది. కోడికాలు చెంచాతో తాకితే ఎముక వదిలేసింది.

"ఏమండీ, బెండకాయ కూడా వేశారు, జిగురే లేదు చూడండి" అంది మా ఆవిడ. తను గుడ్డు తింటుంది, మాంసం ముట్టదు. అందుకే ఇక్కడ ఒక హెచ్చరిక. మెనూలో కూరగాయల సూప్ కర్రీ అని ఉన్నా, పులుసు కోడి ఎముకలతోనో పంది ఎముకలతోనో మరిగించింది అయ్యే అవకాశం ఎక్కువ. ఎండు చేప రసమూ కలపొచ్చు. ఈ కొత్త చోట పనిచేసే అమ్మాయి ఫోన్‌లో అనువాదం పెట్టి మరీ వంటవాణ్ని అడిగొచ్చి, టమాటా పులుసు ఒక్కటే శాకాహారమని చెప్పింది. ఆ ఓపికకు పూర్తి మార్కులు. టమాటా పులుసు మాత్రం కొంచెం తియ్యగా, చప్పగా ఉంది. ఆవిడ ముక్కలన్నీ తిని, పులుసు సగం వదిలేసింది.

కోడికాలి గిన్నె 1,500 యెన్ల చిల్లర, మన డబ్బుల్లో 900 రూపాయలకు కాస్త అటూ ఇటూ. టిప్పు ఇవ్వనక్కర్లేదు, మంచినీళ్లు ఉచితం. అన్నం పెద్దది తీసుకోకండి, కూరగాయలకే కడుపు నిండిపోతుంది. ఒకటి రెండు చెంచాల అన్నం పులుసులో ముంచుకు తినడమే అక్కడి పద్ధతి. అంతా కలిపేసుకున్నా ఎవరూ ఏమీ అనరనుకోండి.

పులుసు రుచి పాత కొట్టుదే ఒక మెట్టు పైన. ఎముకల సారం బాగా దిగి, చల్లారేకొద్దీ పెదాలకు అంటుకునేంత చిక్కదనం వచ్చింది దానికి. అయినా పిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్తే నేను కొత్తదానికే పొమ్మంటాను. ఒక్కరే అయితే పాతదానికి, అదీ తెరవకముందే వెళ్లి నిలబడండి. ఎటు వెళ్లినా రాత్రి భోజనం ఆలస్యం చేయొద్దు. ఆ రోజు కాచిన పులుసు అయిపోతే, బోర్డు మీద రాసిన టైముతో పనిలేకుండా చాలా చోట్ల తలుపులు మూసేస్తారు.