చేతితో తిప్పే ఎరువుల స్ప్రెడర్ కొంటున్నారా? ముందుగా అడుగు పలకను పరీక్షించండి

బెంగళూరులో ఇంటి ముందు లాన్ పెంచుకుంటూ, గుళికల ఎరువు చల్లడానికి చేతితో తిప్పే స్ప్రెడర్ కొనాలనుకుంటున్న తెలుగువారు మాకు జరిగిన నష్టాన్ని ఒకసారి చదవాలని కోరుతున్నాను.

వైట్‌ఫీల్డ్‌లోని మా ఇంటి లాన్ సుమారు 100 చదరపు మీటర్లు. మే నెల జల్లులు పడగానే యూరియా వేద్దామని ఆన్‌లైన్‌లో ఒక స్ప్రెడర్ తెప్పించాను. మీట వదలగానే తొట్టి అడుగున ఉన్న పలక రంధ్రాన్ని పూర్తిగా మూసేయాలి. మాకు వచ్చినదానిలో ఆ పలక ఒక పక్కకు వంగి ఉండడంతో సన్నని సందు మిగిలింది. అది గమనించక, యూరియా నింపి లాన్‌లో నడిచిన ప్రతిచోటా, ఆగిన ప్రతిచోటా గుళికలు కుప్పగా రాలాయి. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. మా లాన్ మొత్తానికి ఒక కిలో చాలు. అలాంటిది గుప్పెడు ఒకేచోట పడితే మట్టి తడిలో లవణ గాఢత పెరిగి, వేర్లు నీరు పీల్చుకోలేక గడ్డి మాడిపోతుంది. వారం తిరిగేసరికి మా పచ్చికంతా గోధుమరంగు చారలు తేలింది. అన్నేళ్ళు పెంచిన పచ్చికను అలా చూడడం నిజంగా బాధ కలిగించింది.

మూడోసారి వాడినప్పుడు, గాలిలోని తేమకు గడ్డకట్టిన యూరియా ముద్ద ఒకటి అడ్డుపడగానే లోపలి ప్లాస్టిక్ గేరు పళ్ళు విరిగి, పిడి ఊరికే తిరగసాగింది. వాడిన వస్తువును వెనక్కి తీసుకోబోమని అమ్మకందారు తేల్చి చెప్పారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను.

కనుక పార్సెల్ విప్పుతున్నప్పుడే వీడియో తీయండి. ఆ రోజే నేలపై పాత దుప్పటి పరచి, తొట్టిలో అరకిలో ఎరువు పోసి, పలక మూసి బాగా కుదపండి. ఒక్క గుళిక రాలినా, లాన్ మీదికి తీసుకెళ్ళకుండా తిరిగి పంపించండి. వేపపిండి, వర్మీకంపోస్టు వంటివి ఇందులో సరిగా జారవు, వాటిని చేత్తో చల్లడమే మేలు. స్ప్రెడర్ బాగున్నా, ఎరువును జల్లెడ పట్టి, అతి చిన్న రంధ్రం పెట్టుకుని, సగం నిలువుగా, సగం అడ్డంగా నడుస్తూ చల్లి, వెంటనే నీళ్ళు పెట్టండి. ఎక్కడైనా కుప్పగా పడితే ముందు గుళికలు ఎత్తేసి, ఆ తర్వాతే ఆ చోటును బాగా తడపండి. మేము ఆ పని రెండు రోజులు ఆలస్యంగా చేశాము.