‘అరుదైన కచేరీల’ హార్డ్ డిస్క్ కొంటున్నారా? విశాఖ సంగీతాభిమానులకు జాగ్రత్త హెచ్చరిక

విశాఖలో కర్ణాటక సంగీతం వినేవాళ్లు, పాత కచేరీలు సేకరించేవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. ‘ఆకాశవాణి పాత స్పూళ్ల నుంచి తీసినవి, బయట ఎక్కడా దొరకవు’ అంటూ ఒకాయన వాట్సాప్ గ్రూపుల్లో హార్డ్ డిస్క్ అమ్ముతున్నాడు. నేను 8,500 రూపాయలు పెట్టి కొన్నాను. అందులో చాలా ఫైళ్లకు పేర్లు, సంవత్సరాలు తప్పు. కొన్ని కావాలని మార్చినవి.

అతను పంపిన జాబితా చూసి ఆశపడ్డాను. గాయకులు వోలేటి వెంకటేశ్వర్లు గారివి, నేదునూరి కృష్ణమూర్తి గారివి, వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారివి, అన్నీ కలిపి ఆరొందలకు పైగా ఫైళ్లు. ఒక్కోదానికీ ఊరు, సంవత్సరం, పక్కవాద్యాల వాళ్ల పేర్లు. ఫోన్‌లో ‘గురువుగారూ, మా మేనమామ రేడియోలో పనిచేశారు. ఆయన పోయాక ఇంట్లో స్పూళ్లు పాడైపోతుంటే నేనే కూర్చుని ఎక్కించాను’ అన్నాడు. మా నాన్నగారి స్పూల్ టేపులు మా ఇంట్లోనే బూజు పట్టిపోయాయి. ఈ సముద్రపు గాలికి టేపు ఎంతకాలం ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఆ మాట నమ్మాను. ముందు 3,000 పంపాను. సిరిపురం దగ్గర కలిసి మిగతాది ఇచ్చాను. తన ల్యాప్‌టాప్‌లో మూడు ఫైళ్లు వినిపించాడు, బాగున్నాయి. ఆ మూడూ తను ఎంచినవే అని ఇంటికొచ్చాక గానీ నాకు తట్టలేదు.

మేం ఏడెనిమిది మందిమి ఆదివారం సాయంత్రాలు ఎంవీపీ కాలనీలో ఒక మిత్రుడి ఇంట్లో కలుస్తాం. ఒకే రాగం ఇద్దరు పాడింది, లేదా ఒకే విద్వాంసుడు వేర్వేరు కాలాల్లో పాడింది పక్కపక్కన పెట్టుకుని వింటాం. నేదునూరి గారు, వోలేటి గారు ఇద్దరూ శ్రీపాద పినాకపాణి గారి శిష్యులే. ఒకే గురువు దగ్గర నేర్చుకున్న ఇద్దరిలో ఒకే రాగం ఎలా వేర్వేరు దారులు పట్టిందో వినడం మాకు అన్నిటికంటే ఇష్టం. నేదునూరి గారు చివరి సంవత్సరాలు మన ఊళ్లోనే ఉన్నారు కాబట్టి మాలో కొందరు ఆయన్ని ఎదురుగా కూర్చుని విన్నవాళ్లే.

ఈ డిస్క్‌లో వోలేటి గారి తోడి రాగం రికార్డింగులు రెండు ఉన్నాయి. ఒకటి 1962 అని, రెండోది 1971 అని రాసి ఉంది. మొదటిది రెండు శ్రుతిలో, రెండోది అంతకంటే ఒక స్వరస్థానం కింద, ఒకటిన్నరలో. వయసుతో శ్రుతి కాస్త దిగింది కాబోలు అనుకున్నాం. మూడు ఆదివారాలు ఆ రెండిటి మీదే మాట్లాడుకున్నాం. మొదటిదాంట్లో కుర్రతనపు దూకుడు ఉందని, రెండోదాంట్లో గాంధార స్వరం (‘గ’) మీద ఆగడంలో నిదానం వచ్చిందని నేను నోట్‌బుక్‌లో రెండు పేజీలు రాసుకున్నాను కూడా.

నాలుగో వారం, వయొలిన్ నేర్చుకుంటున్న మా మిత్రుడి కూతురు వచ్చి కూర్చుంది. రెండూ విని, ‘అంకుల్, ఆ దగ్గు రెండింట్లోనూ ఒకే చోట వస్తోంది’ అంది. మళ్లీ పెట్టాం. ఆలాపనలో తారస్థాయి షడ్జం (పై ‘స’) అందుకున్నాక శ్రోతల్లో ఎవరో దగ్గారు, వెంటనే ఇంకెవరో ‘భేష్’ అన్నారు. రెండు ఫైళ్లలోనూ అదే దగ్గు, అదే భేష్. నిడివి చూస్తే ఒకటి 38 నిమిషాల 10 సెకన్లు, ఇంకోటి 36 నిమిషాల 1 సెకను. టేపు వేగం దాదాపు ఆరు శాతం పెంచితే శ్రుతి సరిగ్గా ఒక స్వరస్థానం పైకి వెళ్తుంది, నిడివి అంత మేరకు తగ్గుతుంది. ఒకే రికార్డింగును రెండు వేగాల్లో ఎక్కించి, రెండు సంవత్సరాలు అతికించారు.

ఆ సాయంత్రం మా అందరి మనసూ పాడైంది. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. మేం ఒక మహావిద్వాంసుడి గానంలో తొమ్మిదేళ్ల ఎదుగుదల విన్నామనుకున్నాం. అది వేగం మార్చితే వచ్చిన తేడా. అసలు ఆ తోడి ఏ సంవత్సరం పాడిందో కూడా ఇప్పుడు మాకు తెలియదు. పాత రికార్డింగుకు పేరు, తేదీ, పక్కవాద్యాల వివరాలే ఆధారం. వాటిని చెరిపేస్తే ఆ విద్వాంసుల చరిత్రనే చెరిపేసినట్టు.

తర్వాత ఒక్కొక్కటే తీసి చూశాం. ద్వారం వారి వయొలిన్ కచేరీ, 1967 అని ఒక ఫైలు. ఆయన 1964లోనే కాలం చేశారు! జాబితాలో ఇది నా కంటపడి ఉంటే అక్కడే ఆగిపోయేవాణ్ని. విని చూస్తే మూడు, మూడున్నర నిమిషాలకోసారి శబ్దం మారిపోతోంది. 78 ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డుకు ఒక వైపు పట్టేది దాదాపు అంతే. విడివిడి రికార్డులను అతికించి, చివర చప్పట్లు కలిపి దాన్ని కచేరీ అన్నాడు. మరో ఫైలు 1958 అన్నాడు, వెనక ఎలక్ట్రానిక్ తంబురా మోగుతోంది. ఆ పెట్టెలు 1970ల చివరిదాకా రానేలేదు. ఇంకొన్నింట్లో గాయకుడే వేరు. దాదాపు అన్ని ‘రేడియో’ ఫైళ్లలోనూ మొదట వచ్చే ప్రకటన కత్తిరించేశారు. ఎవరు పాడుతున్నారో, వయొలిన్ ఎవరో, మృదంగం ఎవరో చెప్పేది ఆ ప్రకటనే కదా. అది ఉంటే తన జాబితా అబద్ధమని తేలిపోతుంది.

డిస్క్ కూడా కొత్తది కాదు, వాడిందే.

కొనేవాళ్లకు నాకు తెలిసినంతలో చెబుతున్నాను. అతను పెట్టిన ఫైలు వినకండి, జాబితాలోంచి మీరే నంబరు చెప్పి పెట్టమనండి. మొదటి అర నిమిషం, చివరి అర నిమిషం తప్పకుండా వినండి. జాబితా ముందే పంపమని అడిగి, విద్వాంసుల జనన మరణ సంవత్సరాలతో ఒక్కసారి పోల్చుకోండి. ‘ఫ్లాక్ క్వాలిటీ’ (శబ్దం ఏమాత్రం పోకుండా దాచిన ఫైలు) అన్న మాట కూడా నమ్మవద్దు. స్పెక్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఫైలు అందులో వేస్తే శబ్దం బొమ్మలా కనిపిస్తుంది. నా ఫైళ్లలో చాలావాటికి 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత ఉంది. శబ్దం కొంత తీసేసి కుదించిన 128 కేబీపీఎస్ ఎంపీ3కి సాధారణంగా ఉండే గుర్తు అది. నెట్‌లో దొరికిన ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చితే సైజు పెరుగుతుంది, పోయిన శబ్దం తిరిగి రాదు. పాత టేపులో పై శబ్దాలు ఎలాగూ తక్కువే. కానీ అవి మెల్లగా సన్నబడతాయి, అలా గీత గీసినట్టు తెగవు.

ఇంకో ముఖ్యమైన మాట. ఆకాశవాణి రికార్డింగులు ఎవరుపడితే వాళ్లు అమ్ముకోవడానికి లేదు. ప్రసార భారతి ఆర్కైవ్స్ వాళ్లే యూట్యూబ్‌లో చాలా పెడుతున్నారు, సీడీలుగా కూడా తెచ్చారు. సంగీతప్రియ సైటులో అభిమానులు దశాబ్దాలుగా సేకరించిన కచేరీలు ఉచితంగా వినవచ్చు. అక్కడ వివరం తప్పుంటే ఎవరో ఒకరు చెబుతారు. నా డిస్క్‌లోని కొన్ని ఫైళ్లు అక్కడివేనని పోల్చి చూశాక తేలింది. ఉచితంగా పంచుకోమని పెట్టినదాన్ని తీసుకొచ్చి, వివరాలు మార్చి మనకే అమ్మాడు. పెద్దవాళ్లు కొందరు ఇలాంటి డిస్క్‌ల మీద పింఛను డబ్బు పెడుతున్నారని విన్నాను. దయచేసి వాళ్లకు ఈ సంగతి చెప్పండి.

నేను అడిగితే మొదట ‘స్పూలు మీద అలాగే రాసి ఉంది గురువుగారూ’ అన్నాడు. దగ్గు సంగతి చెప్పగానే నంబరు బ్లాక్ చేశాడు. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఇంకా డబ్బు రాలేదు. మీలో ఎవరైనా ఇలాగే మోసపోయి ఉంటే చెల్లింపు స్క్రీన్‌షాట్, చాట్, అతను పంపిన జాబితా మూడూ దాచుకుని మీరూ ఫిర్యాదు చేయండి. జాబితా అసలు తీసేయకండి, తప్పుడు సంవత్సరాలు రాసింది అతనేననడానికి అదే సాక్ష్యం.

గత వారం గాజువాక వైపు ఒక భజన గ్రూపులో కొత్త నంబరు నుంచి ఇలాంటి జాబితాయే వచ్చిందట, ధర 6,000కి తగ్గించి. నాకు పంపిన జాబితాలో ద్వారం వారి 1967 ‘కచేరీ’ 214వ నంబరు. మీకు వచ్చినదాంట్లో ముందుగా అక్కడ చూడండి.