సిస్టమ్ ఫైల్స్ ఖరాబైతే ఏది మేలు: కమాండ్లా, రిపేరా, రీసెటా, ఫార్మాటా?

మొన్న మే నెలల గాలిదుమారం లేచిన రాత్రి హాలియాల మా బావ పెండ్లి కార్డు కంపోజ్ చేసుకుంట కూసున్నడు. కరెంటు పోయింది, వచ్చింది, మల్ల పోయింది, యూపీఎస్ బ్యాటరీ వీకైపోయి ఉండె, కంప్యూటర్ నడుస్తుండంగనే బంద్ పడ్డది. తెల్లారి ఆన్ చేస్తే డెస్క్‌టాప్ దాకా మంచిగనే వస్తుంది గని స్టార్ట్ బటన్ నొక్కితే ఉలుకు పలుకు లేదు, సెట్టింగ్స్ ఇట్ల తెరుచుకొని అట్ల మూసుకుంటుంది. నడుమల బంద్ పడేసరికి సిస్టమ్ ఫైల్స్, అంటే విండోస్ నడిచేటందుకు కావాల్సిన దాని సొంత ఫైల్స్, ఖరాబైనయి. నాకు ఫోన్ చేసి "షాపుల ఫార్మాట్ కొట్టాలంటున్నరు, ఇయ్యాల్నా బామ్మర్దీ" అన్నడు. "ఇయ్యకు బావా, సాయంత్రం నేనే వస్త" అని చెప్పిన.

మా దిక్కు ఏ షాపుకు తీస్కపోయినా ముందు వచ్చే మాట ఫార్మాటే. వాళ్లకు అది సులువు, పని తొందరగ అయితది, మెషీన్ ఆన్ అయితది. కానీ పోయేదంతా మనది. బావ మెషీన్ల తెలుగు టైపింగ్‌కు అను ఫాంట్లు, పేజీలు కంపోజ్ చేసే పేజ్‌మేకర్, ఏండ్ల సంది ఆయన చేతికి అలవాటైన కీబోర్డ్ సెట్టింగులు, పాత కార్డుల ఫైల్స్ అన్నీ డెస్క్‌టాప్ మీదనే పెట్టుకున్నడు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మామూలుగ ఉండేది సీ డ్రైవ్‌లనే, షాపోళ్లు "డీ డ్రైవ్ ముట్టుకోం" అన్న మాట నిజమే అయినా ఇవి మాత్రం పోతయి. లెక్కలు రాసుకునే టాలీప్రైమ్ వాడేటోళ్లు ఇంకా పైలంగ ఉండాలె, మనం జాగ మార్చకపోతే డేటా సీ డ్రైవ్‌ల యూజర్స్ లోపట పబ్లిక్ ఫోల్డర్లనే ఉంటది.

అందుకే నేనైతే ముందు కమాండ్ల కాడనే షురూ చేస్త. పైస ఖర్చు లేదు, ఒక్క ఫైల్ పోదు. స్టార్ట్ బటన్ పని చేయట్లేదు కాబట్టి కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, అండ్లకెల్లి కొత్త టాస్క్‌ల సీఎండీ అని కొట్టి, అడ్మినిస్ట్రేటర్ టిక్ పెట్టి నల్ల విండో తీసిన. అండ్ల ఎస్ఎఫ్‌సీ స్పేస్ స్లాష్ స్కాన్‌నౌ అని కొట్టిన, ఇది సిస్టమ్ ఫైల్స్‌ను చూసి బాగు చేసే కమాండ్. పావుగంట నడిచి "కరప్ట్ ఫైల్స్ దొరికినయి గని కొన్నిటిని బాగు చేయలేకపోయిన" అని చెప్పింది. చానామంది ఇక్కడనే ఇగ అయిపోయిందని లేస్తరు, ఇక్కడ లేవొద్దు. ఎస్ఎఫ్‌సీ చేసేదేందంటే ఖరాబైన ఫైల్ తీసి, విండోస్ లోపటనే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అని ఒక స్టోర్ ఉంటది, అండ్లకెల్లి మంచి కాపీ తెచ్చి పెడ్తది. గుమ్మిల ఉన్న ఇత్తనాలకే పురుగు పడితే ఎన్నిసార్లు ఇత్తితే ఏం మొలుస్తది? ఆ గుమ్మిని బాగు చేసేదే డిస్మ్. డిస్మ్ స్లాష్ ఆన్‌లైన్, స్లాష్ క్లీనప్ హైఫన్ ఇమేజ్, స్లాష్ రిస్టోర్‌హెల్త్, ప్రతి స్లాష్ ముందట ఒక స్పేస్. ఇది మంచి ఫైల్స్ విండోస్ అప్‌డేట్ నుంచి తెచ్చుకుంటది కాబట్టి నెట్ ఉండాలె, నేను ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చిన. 62.3 శాతం కాడ ఆగింది. పది నిమిషాలు, పదిహేను నిమిషాలు, బావ "అటకాయించింది, బంద్ చెయ్" అంటుండు, నేను చెయ్యి పెట్టనియ్యలే, అది అక్కడ ఆగుడు మామూలే. ఇంకొంచెం సేపటికి వందకు పోయింది. మల్ల ఎస్ఎఫ్‌సీ కొడితే ఈసారి అన్నీ రిపేర్ చేసిన అన్నది, రీస్టార్ట్ చేస్తే స్టార్ట్ మెనూ తెరుచుకుంది. నిజానికి మైక్రోసాఫ్ట్ చెప్పే వరుస కూడా ముందు డిస్మ్, తర్వాత ఎస్ఎఫ్‌సీనే, నేను అలవాటు కొద్ది ముందు ఎస్ఎఫ్‌సీ కొడ్త.

కమాండ్లతోని కాకపోతే ఏంది? జడ్చర్లల మా చిన్నమ్మ కొడుకు ల్యాప్‌టాప్‌ల డిస్మ్ కూడ చేతులెత్తేసింది, సోర్స్ ఫైల్స్ దొరకలేదని ఎర్రర్. అప్పుడు నేను రీసెట్‌కు పోలే, రిపేర్ ఇన్‌స్టాల్ చేసిన. అంటే విండోస్ ఐఎస్ఓ ఫైల్ (విండోస్ ఎక్కించే సెటప్ అంతా ఒక్కటిగ ఉన్న ఫైల్) దించుకొని, నడుస్తున్న విండోస్‌లకెల్లే దాన్ని తెరిచి సెటప్ నొక్కుడు, అంతే. పాత విండోస్ మీదనే కొత్త విండోస్ కూసుంటది, సిస్టమ్ ఫైల్స్ అన్నీ మారుతయి, మన ఫైల్స్, మనం వేసుకున్న సాఫ్ట్‌వేర్లు రెండూ ఉంటయి. నా లెక్కల ఇంటి కంప్యూటర్‌కు ఇంతకు మించింది లేదు, కానీ దీని గురించి చెప్పేటోళ్లే తక్కువ. "పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్ ఉంచు" అనే ఆప్షన్ నొక్కరాకుండ ఉంటే అక్కడనే ఆగాలె, ముందుకు పోతే సాఫ్ట్‌వేర్లు పోతయి. మా వానికి ఫస్ట్ అట్లనే అయింది, చూస్తే వాని విండోస్ ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్, మేము దించింది ఇంగ్లిష్ ఇంటర్నేషనల్. భాష, ఎడిషన్ (హోమా, ప్రోనా అన్నది) రెండూ కలవాలె, ఐఎస్ఓ వెర్షన్ మెషీన్ల ఉన్నదానికంటె పాతది ఉండొద్దు. సీ డ్రైవ్‌ల 20 జీబీ దాకా ఖాళీ చేసుకుంటే మంచిది. ఒక్క లోటేందంటే విండోస్ డెస్క్‌టాప్ దాకా రావాలె, బూటే కాని మెషీన్‌కు ఇది పనికిరాదు.

ఇగ రీసెట్ అంటే విండోస్ తనను తానే మల్ల కొత్తగ ఎక్కించుకునుడు. దాంట్ల "కీప్ మై ఫైల్స్" అని చూసి చానామంది మోసపోతరు. ఫైల్స్ ఉంటయి, నిజమే, కానీ వేసుకున్న సాఫ్ట్‌వేర్లన్నీ పోతయి, ఏమేం పోయినయో ఒక లిస్ట్ మాత్రం డెస్క్‌టాప్ మీద పెడ్తది. క్లౌడ్ డౌన్‌లోడ్, అంటే విండోస్‌ను నెట్‌లకెల్లి దించుకునుడు, పెడితే 4 జీబీ పైనే డేటా తింటది, దినాం 2 జీబీ ప్యాక్ వేసుకునేటోళ్లకు అదెట్ల అయితది? ఐఎస్ఓ కూడ పెద్దదే గని ఒకసారి వైఫై ఉన్న కాడ దించి 8 జీబీ పెన్‌డ్రైవ్‌ల ఎక్కించుకుంటే ఇంకో నలుగురికి పనికొస్తది. డెస్క్‌టాప్ దాకా రాక, మిగతా దారులన్నీ మూసుకపోయినప్పుడే రీసెట్. విండోస్ 11 ల్యాప్‌టాప్‌ల బిట్‌లాకర్ (డిస్క్‌కు వేసే తాళం) ఆన్ ఉంటే రికవరీ కీ అడుగుతది, ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్ల చూసి కాగితం మీద రాసి పెట్టుకోవాలె.

నెట్‌ల దొరికే డీఎల్ఎల్ ఫిక్సర్లు, ఒక్క క్లిక్ రిపేర్ సాఫ్ట్‌వేర్ల జోలికే పోవద్దు.

ఇవన్నీ డిస్క్ మంచిగ ఉన్నప్పటి ముచ్చట. మా గల్లీల డిగ్రీ చదివే ఒక పిల్ల ల్యాప్‌టాప్‌కు రెండు నెలలల్ల రెండుసార్లు ఫార్మాట్ కొట్టిచ్చిన్రు, రెండుసార్లూ పైసలు తీస్కున్నరు, అదే ఎర్రర్ మల్ల వచ్చింది. నా కాడికి తెస్తే డిస్క్ ఆరోగ్యం చూపెట్టే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసి చూసిన, పసుపు రంగుల కాషన్ అని ఉంది, బ్యాడ్ సెక్టార్లు, అంటే డిస్క్ మీద ఖరాబైన జాగలు. సాఫ్ట్‌వేర్‌ది తప్పే కాదు, హార్డ్‌డిస్క్ చచ్చిపోతుంది. గిట్లాంటి డిస్క్ మీద డిస్క్ అంతా వెతికే చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కమాండ్ కొట్టుడు కూడ ప్రమాదమే, గంటలకు గంటలు దాన్ని తోమి ఉన్న ప్రాణం తీస్తది. డిస్క్ మంచిగనే ఉండి కూడ ఫైల్స్ మాటిమాటికి ఖరాబైతే ర్యామ్ మీద అనుమానం పెట్టాలె, విండోస్‌లనే మెమరీ డయాగ్నస్టిక్ ఉంటది, రాత్రి పెట్టి పండుకుంటే తెల్లారేసరికి తెలుస్తది. ఆ పిల్లకైతే ముందు సర్టిఫికెట్ల స్కాన్లు, ప్రాజెక్ట్ రిపోర్ట్, వాళ్ల నాయినతోని దిగిన ఫొటోలు పెన్‌డ్రైవ్‌ల ఎక్కించినం, అన్నీ తెరుచుకుంటున్నయా అని ఆమెతోనే ఒక్కొక్కటి చూపిచ్చుకున్నం, తర్వాతనే పాత డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టి విండోస్ కొత్తగ ఎక్కించినం. ఆ మెషీన్‌కు మాత్రం మొదటి నుంచి వేసుడే కరెక్టు.