సగంలో ఆగిన కట్టీ సార్క్ కొనొచ్చా? విశాఖలో పూర్తి చేయాలనుకునేవాళ్ల కోసం రివ్యూ

ఎవరో మొదలుపెట్టి వదిలేసిన ఓడ మోడల్‌ దొరికితే అందరూ ముందు చూసేది స్తంభాలు ఎన్ని విరిగాయి, దారాలు ఎన్ని తెగాయి అని. అవన్నీ మళ్లీ చేసుకోవచ్చు. ముందు చూడాల్సింది జిగురు. పాత మనిషి ఏ జిగురు వాడాడు, ఎంత పూశాడు అన్నదాన్ని బట్టే ఇది మూడు నెలల పనా, ఏడాది పనా, అసలు అయ్యే పనేనా అన్నది తేలుతుంది.

ఇక్కడ రివ్యూ చేస్తున్నది 1:75 స్కేలు చెక్క కిట్. బయటి పట్టీలు మూడొంతులు అతికించి, డెక్ వేసి, కింది స్తంభాలు నిలబెట్టి, కొన్ని తాళ్లు కట్టి ఆపేసిన స్థితి. అసలు కట్టీ సార్క్ 1869లో స్కాట్లాండ్‌లోని డంబార్టన్‌లో నీళ్లలోకి దిగిన టీ క్లిప్పర్, అంటే టీ తెచ్చే వేగమైన తెరచాప ఓడ, ఇప్పుడు లండన్ గ్రీనిచ్‌లో ఉంది. హల్, అంటే స్తంభాలు కాక మిగిలిన ఓడ ఒళ్లు, పొడవు సుమారు 64.7 మీటర్లు, అంటే మోడల్‌లో 86 సెం.మీ. ముందుకు పొడుచుకొచ్చే బౌస్ప్రిట్‌తో కలిపితే 114 సెం.మీ. దాకా వస్తుంది. కాబట్టి 120 సెం.మీ. బల్ల, అంతకన్నా పెద్ద గాజు పెట్టె పెట్టే చోటు ఉందో లేదో ముందే చూసుకోండి. అపార్ట్‌మెంట్లలో చాలా ఓడలు మళ్లీ అటక ఎక్కేది చోటు చాలకే.

ధర సంగతి. హల్ తిన్నగా ఉండి, ప్లాన్ షీట్లు అన్నీ ఉంటే కొత్త కిట్ ధరలో మూడో వంతు ఇవ్వొచ్చు. ప్లాన్లు లేకపోతే అందులో సగం. పోయిన కప్పీలు, డెడ్‌ఐలు (తాళ్లు బిగించే చిల్లుల చెక్క బిళ్లలు) విడిగా కొనుక్కోవచ్చు. ఏ తాడు ఎక్కడ మొదలై ఏ పిన్నుకు చుట్టాలో చెప్పే షీటు పోతే మాత్రం ప్రతి దారం దగ్గరా ఆగాల్సిందే. హల్ మెలి తిరిగి ఉంటే ఉచితంగా ఇచ్చినా వద్దు.

మెలి చూడటం తేలిక. ముక్కు దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి, రెండు తిన్నని స్కేళ్లు డెక్ అంచుల మీద అడ్డంగా పెట్టి, ముందు నుంచి ఒక కన్ను మూసి చూడాలి. రెండూ ఒకే గీతలా కనిపిస్తే మంచిది. స్కేళ్ల చివర తేడా 2 మి.మీ. లోపు ఉంటే సర్దుకోవచ్చు. 4 దాటితే పట్టీలన్నీ పీకకుండా సరిచేయలేరు. పీకితే ఇక అది సగం అయిన ఓడ కాదు, విప్పిన కిట్. తర్వాత కీల్, అంటే ఓడ అడుగు దూలం, పొడవునా దారం లాగి పట్టుకుని వంపు చూడాలి. గోరుతో పట్టీల మీద తట్టుకుంటూ పోతే, పక్కటెముకల దగ్గర ఊడినచోట డొల్లగా మోగుతుంది. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి.

పుచ్చు ఉందేమో చూడకుండా మాత్రం ఇంట్లోకి తేవద్దు. 1 నుంచి 2 మి.మీ. గుండ్రటి చిల్లులు, ఓడను తట్టితే పిండిలా రాలే పొడి ఉంటే పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు. సంగ్రహాలయాల్లో చేసినట్టు గడ్డకట్టించి చంపాలంటే 86 సెం.మీ. హల్ ఇంటి ఫ్రీజర్‌లో పట్టదు. వదిలేయడమే మేలు. పెట్టె ఈ ఊళ్లో 2014కు ముందు నుంచీ ఉన్నదైతే అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ తుపానులో తడిసిందా అని మొహమాటం లేకుండా అడగండి. అట్టపెట్టె అడుగున గోధుమరంగు నీటి గీత ఉంటే లోపలి ప్లైవుడ్ పొరలు విడిపోయి ఉండొచ్చు.

ఇక జిగురు. తెల్ల జిగురు, అంటే ఫెవికాల్ తరహా పీవీఏ, ఎండాక సూదితో గుచ్చితే కాస్త రబ్బరులా సాగుతుంది. తడి దూది పావుగంట పెడితే పాలలా తెల్లబడి మెత్తబడుతుంది. ఫెవిక్విక్ తరహా సూపర్‌గ్లూ గాజులా పెళుసుగా ఉండి, చుట్టూ తెల్లటి మసక వదులుతుంది. ఆరాల్డైట్ లాంటి ఎపాక్సీ ఏళ్లు గడిచేకొద్దీ తేనె రంగుకు తిరుగుతుంది. తీగలు తీగలుగా సాగే గోధుమ జిగురు కనిపిస్తే అది చెప్పులకు, రెక్సిన్‌కు వాడే రబ్బరు జిగురు. ఓడకు దాన్ని వాడకూడదు, ఎందుకంటే ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. వేసవిలో పట్టీలు దాని మీద మెల్లగా జారతాయి.

ఒక్కోదాన్ని విప్పే తీరు ఒక్కోటి. పీవీఏకి నీళ్లకన్నా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మేలు, చెక్క నార అంతగా లేవదు. దూదిని తడిపి అతుకు మీద పెట్టి, వంటింటి ప్లాస్టిక్ పొరతో కప్పి 30 నిమిషాలు ఆగి, పలుచని బ్లేడు దూర్చాలి. కదలకపోతే ఇంకో అరగంట ఆగండి. బలం పెడితే చీలేది జిగురు కాదు, పట్టీ. సూపర్‌గ్లూకి ఎసిటోన్, కిటికీ తీసిపెట్టి, చుక్కచుక్కగా. ఇది ప్లాస్టిక్ భాగాల్ని కరిగిస్తుంది, రంగునూ లేపేస్తుంది. ఎపాక్సీకి వేడే మందు: ఇత్తడి భాగం అయితే సోల్డరింగ్ ఐరన్ మొనను లోహానికి ఆనించి, జిగురు మెత్తబడగానే తిప్పి తీయాలి. చెక్కకు చెక్క ఎపాక్సీతో అతికి ఉంటే విప్పే ప్రయత్నం వద్దు, అది పాత మనిషి తుది నిర్ణయం అనుకోండి.

అన్నిటికన్నా ఎక్కువమంది చేసే తప్పు ఊడిన పట్టీ కింద కొత్త ఫెవికాల్ పూసి నొక్కిపెట్టడం. ఎండిన పీవీఏ మీద కొత్త పీవీఏ సరిగా పట్టదు. నెల తిరక్కుండానే మళ్లీ ఊడుతుంది. పాత పొరను చెక్క కనిపించేదాకా గీకి, 180 నంబరు ఎమరీతో ఒకసారి రుద్దాకే కొత్తది పూయాలి. మన అవసరానికి ఫెవికాల్ ఎస్‌హెచ్ చాలు. మెరైన్ రకం నీటికి తట్టుకుంటుంది నిజమే, కానీ గాజు పెట్టెలో ఉండే ఓడకు ఆ గుణం అక్కర్లేదు. రేపు ఒక అతుకు తప్పుగా పడితే విప్పడం కష్టమవుతుంది. ఫెవిక్విక్‌ని చిన్న లోహపు ముక్కలకు, దారం కొస గట్టిపరచడానికి మాత్రమే ఉంచండి. మన గాలి తేమకు అది తొందరగా పట్టేస్తుంది, సర్దే సమయం ఇవ్వదు. దాని ఆవిరి తేమతో కలిసి నల్ల రంగు మీద తెల్ల మసకగా పేరుకుంటుంది. కట్టీ సార్క్ హల్ నలుపే కాబట్టి ఇది దాచలేని మచ్చ.

శుభ్రం చేసేటప్పుడు నీళ్లు చివరికి. పాత ఊరు వైపు ఇళ్లలో ఉన్న ఓడల మీద మామూలు దుమ్ముతో పాటు బొగ్గు, ఇనుప ఖనిజం నుసి కూడా ఉంటుంది. తడిగుడ్డ వేస్తే అది చెక్క రంధ్రాల్లోకి దిగి బూడిదరంగు మరకగా ఉండిపోతుంది. ముందు మెత్తని పొడి బ్రష్, వెంట వాక్యూమ్ గొట్టం. గొట్టం మూతికి దోమతెర ముక్క కట్టాలి, లేదంటే ఊడిన కప్పీ లోపలికి పోతుంది. ఆ తర్వాతే డిస్టిల్డ్ వాటర్‌తో కాస్త తడిపిన చెవి దూది పుల్లలు.

మిగిలిన పట్టీల విషయానికొస్తే, ఈ తరహా కిట్లలో లోపలి పొర 1.5 మి.మీ. మెత్తని చెక్క, పైపొర 0.6 మి.మీ. ముదురు చెక్క ఉండటం మామూలే. లోపలి పట్టీని వేడినీళ్లలో 20 నుంచి 30 నిమిషాలు నానబెట్టి, వంపు తిప్పి, జిగురు లేకుండానే హల్‌కి క్లిప్పులతో బిగించి ఆరనివ్వాలి. వేసవిలో ఒక రాత్రి చాలు. జూలై నుంచి అక్టోబరు దాకా రెండు రోజులు. తడి పట్టీని అలాగే అతికిస్తే ఆరాక అడ్డంగా కుంచించుకుని పట్టీల మధ్య సందులు తెరుచుకుంటాయి. తిరగబడ్డ కేసు కూడా ఉంది. పొడి వాతావరణం ఉన్న ఊళ్లోనో, రోజంతా ఏసీ గదిలోనో బిగుతుగా అతికించిన హల్ ఇక్కడికి వచ్చాక పట్టీలు ఉబ్బి అలల్లా లేస్తాయి. అలాంటిదాన్ని తెచ్చిన వారమే రుద్దకండి. ఒక నెల గదిలో ఉంచి, చెక్క ఈ గాలికి అలవాటు పడ్డాక ఎంత లేచిందో చూసి అప్పుడు ఎమరీ పట్టండి.

పోయిన చిన్న గుండ్రటి భాగాలకు, అంటే నీళ్ల పీపాలు, క్యాప్‌స్టన్ (లంగరు తాడు చుట్టే నిలువు రాట్నం), రెయిలింగ్ గుంజలకు, మన దగ్గర మంచి చెక్క ఉంది: ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర. తెల్లగా, తేలిగ్గా, లేతగా ఉండి లేత్ మీద అంచు విరక్కుండా తిరుగుతుంది. స్తంభాలకు మాత్రం వద్దు. సన్నగా పొడుగ్గా తీస్తే వంగుతుంది. స్తంభానికి నార తిన్నగా ఉన్న టేకు నలుచదరం ముక్క తీసుకుని, మూలలు చిత్రిక పట్టి 8 ముఖాలు, మళ్లీ పట్టి 16 ముఖాలు చేశాక ఎమరీతో గుండ్రం చేయాలి. మొదటినుంచీ గుండ్రంగా రుద్దుతూ పోతే గుడ్డు ఆకారం వస్తుంది.

నీటిగీత కింద అసలు ఓడకు తొడిగినది ముంట్జ్ లోహం, దాదాపు 60 పాళ్లు రాగి, 40 పాళ్లు జింకు. అందుకే అది ఎర్రగా కాక పసుపుగా ఉంటుంది. మోడల్‌కి సగం దూరం రాగి రేకులు అతికించి ఆపేసి ఉంటే, పాతవి గోధుమరంగు తిరిగి ఉంటాయి, మీరు వేసేవి మెరుస్తుంటాయి. పాతవాటిని తోమకండి, ఎంత తోమినా మచ్చలు మచ్చలుగానే వస్తాయి. కొత్తవాటికి లాకర్ పూత వేయకుండా కొన్ని వారాలు ఆగితే మన సముద్రపు గాలే రంగు కలుపుతుంది. చేతికి గ్లౌజులు తప్పనిసరి. వేలిముద్ర పడిన చోట ముందు నల్లబడి, అదే ముద్ర రేకు మీద నిలిచిపోతుంది.

చిలుము పట్టిన ఇత్తడి భాగాలకు మన ఇళ్లలో వాడే చింతపండు చక్కగా పనిచేస్తుంది, కానీ భాగాన్ని ఓడ నుంచి తీశాకే. పులుసు దారంలోకో చెక్కలోకో దిగితే అక్కడే ఉండి తినేస్తుంది. తోమాక వంటసోడా నీళ్లలో ముంచి, కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టండి. ముక్కు దగ్గరి తెల్ల బొమ్మ చాచిన చేయి, అందులోని గుర్రం తోక ఇలాంటి ఓడల్లో సులువుగా విరిగేవి. 0.5 మి.మీ. బిట్‌తో రెండు వైపులా 3 మి.మీ. లోతు చిల్లు పెట్టి, ఇత్తడి తీగ ముక్క దూర్చి ఎపాక్సీతో బిగించి, పైన ఎం-సీల్‌తో ఆకారం తేవాలి. తీగ లేకుండా ఉత్త జిగురు నిలవదు. అంత సన్నని బిట్లు, వాటిని చేత్తో తిప్పే పిన్ వైస్, పట్టకార్లు బంగారం పనివాళ్లు వాడేవే. కురుపాం మార్కెట్ వైపు అడిగి చూడండి, హార్డ్‌వేర్ షాపుల్లో 1 మి.మీ. కన్నా సన్నవి అరుదు.

తాళ్ల పని దగ్గర తొందరపడకండి. పాత దారాన్ని రెండు వేళ్లతో మెల్లగా లాగి చూడండి. తెగితే, కనిపిస్తున్న దారాలన్నీ బాగున్నా సరే, అన్నీ తీసేయాలి. పాత దారం మీద కొత్త దారం బిగుతు వేస్తే పాతది తర్వాత తెగుతుంది, అప్పటికి అది మిగతావాటి వెనక చిక్కుకుని ఉంటుంది. తీసే ముందు నాలుగు వైపులా ఫోటోలు, ప్రతి పిన్నుకూ నంబరు.

కొత్త దారం పాలిస్టర్ అయితేనే మంచిది. మెలివేసిన నూలు దారం తేమకు ఉబ్బి పొట్టిదవుతుంది, శీతాకాలంలో సడలుతుంది. వానాకాలంలో స్తంభం పక్కకు లాగినట్టు కనిపించేది అందుకే. ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరికే వల నైలాన్ చవక, గట్టి. కానీ నైలాన్ తేమకు సాగుతుంది, మెరుస్తుంది, ముడి జారుతుంది. పాలిస్టర్ తేమను దాదాపు పీల్చదు. కుట్టుదారాల మీది నంబర్లు చూసి లావు ఊహించకండి. స్కేలు మీద 20 చుట్లు పక్కపక్కనే చుట్టి, వెడల్పు కొలిచి 20తో భాగించండి. 8 మి.మీ. వస్తే దారం 0.4 మి.మీ. నిజం ఓడలో 30 మి.మీ. తాడుకు 1:75లో సరిపోయేది అదే.

వరస కూడా ముఖ్యం. ముందు స్తంభాలను నిలబెట్టే తాళ్లు, తర్వాత తెరచాపలను ఆడించే తాళ్లు. మధ్య నుంచి బయటికి, కింద నుంచి పైకి. ష్రౌడ్లు, అంటే స్తంభాన్ని రెండు పక్కలకూ పట్టి నిలిపే తాళ్లు, కట్టేటప్పుడు ఎడమ ఒకటి, కుడి ఒకటి మార్చి మార్చి బిగించాలి. ఒక వైపు పూర్తిచేసి రెండోవైపు వెళితే స్తంభం అప్పటికే వాలిపోయి ఉంటుంది. నిచ్చెన మెట్ల లాంటి రాట్‌లైన్లు 4.5 నుంచి 5 మి.మీ. ఎడంలో రావాలి. కాగితం మీద గీతలు గీసి ష్రౌడ్ల వెనక నిలబెడితే కొలత తప్పదు. ఒక్కో వైపు 5 ష్రౌడ్లు, 30 వరసలు అనుకుంటే 150 ముడులు, మూడు స్తంభాల రెండు వైపులకు 900. రోజుకు 60కి మించి వేయకండి. అలసిన చేయి దారాన్ని లోపలికి లాగుతుంది, ష్రౌడ్లు నడుము సన్నబడ్డ డమరుకంలా తయారవుతాయి. ప్రతి 5 వరసలకోసారి ఎదురుగా నిలబడి చూడాలి. ముడి మీద సగానికి సగం నీళ్లు కలిపిన ఫెవికాల్ చుక్క చాలు, ఆరితే కనిపించదు.

పైపూతకు లక్క పాలిష్ మా ఓటు, ఎందుకంటే పాత పూత ఏదో తెలియకపోయినా దాదాపు అన్నిటి మీదా పడుతుంది. స్పిరిట్‌తో మళ్లీ తీసేయనూవచ్చు. కానీ వాన పడే రోజు పూస్తే తేమ చిక్కి తెల్లబారుతుంది. ఎండ కాసే రోజు పదకొండు దాటాక, పలుచగా మూడు పూతలు వేయండి.

గాజు పెట్టె అడుగుకి ఎండీఎఫ్ (చెక్క పొడి అదిమి చేసే) బోర్డు, అంచులకు వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు. రెండూ ఆమ్లపు ఆవిరి వదులుతాయి. మూసిన పెట్టెలో సీసం కలిసిన లంగర్లు, చిన్న పోత భాగాలు దానివల్ల తెల్లటి బూజులాంటి పొడిగా మారి రాలతాయి. టేకు చట్రం, వాసన లేని న్యూట్రల్ సిలికాన్ వాడి, వెనక కింది మూలల్లో 6 మి.మీ. చిల్లులు రెండు పెట్టి దోమతెర అంటించండి. అతుకులన్నీ ఆరి, పెట్టెలో తల పెట్టి చూస్తే ఏ వాసనా రానప్పుడే ఓడను లోపల పెట్టండి. వానాకాలంలో దానికి రెండు మూడు వారాలు పడుతుంది.