4కె సినిమా: ఓటీటీలో చూడాలా, డిస్క్ కొనాలా?

కొత్తగా 65 అంగుళాల టీవీ కొన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "ఓటీటీలోనే 4కె వస్తోంది కదా, ఇంకా డిస్కులెందుకు?" నా జవాబు ముందే చెప్పేస్తాను. బొమ్మ, శబ్దం వరకే చూస్తే 4కె బ్లూరే డిస్కుదే పైచేయి. అయినా తెలుగు సినిమాలే ఎక్కువగా చూసే ఇంటికి డిస్క్ ప్లేయర్ కొనమని నేను చెప్పను.

ముందు బొమ్మ సంగతి. 4కె అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160, అంటే దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. ఓటీటీలోనైనా డిస్కులోనైనా ఈ లెక్క ఒక్కటే. ఆ పిక్సెళ్లను నింపడానికి సెకనుకు ఎంత డేటా వస్తోందన్న దగ్గరే తేడా అంతా. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను అసలు కుదించకుండా పంపాలంటే సెకనుకు వేల మెగాబిట్లు కావాలి. అది అయ్యే పని కాదు కాబట్టి కుదిస్తారు. డిస్కులో ఆ వేలు కాస్తా 60, 70 దగ్గరికి వస్తాయి, కష్టమైన సన్నివేశాల్లో 100 కూడా దాటగలదు. నెట్‌ఫ్లిక్స్ అయితే 4కెకి 15 ఎంబీపీఎస్ (సెకనుకు 15 మెగాబిట్ల) కనెక్షన్ ఉంటే చాలంటుంది. అంటే అక్కడి నుంచి వచ్చే బొమ్మ ఆ చుట్టుపక్కల అంకెలోనే సర్దుకుపోవాలి. యాపిల్ వాళ్లు ఇంకాస్త ఎక్కువే ఇస్తారు గానీ, డిస్కుకు చాలా దూరం.

మా ఇంట్లో 300 ఎంబీపీఎస్ ప్లాన్ ఉంది కదా అంటారు చాలామంది. ఉన్నా లాభం లేదు. ఎంత డేటాతో పంపాలో ఓటీటీ వాళ్లు సినిమాను ఎన్‌కోడ్ చేసినప్పుడే, అంటే కుదించి ఫైలుగా మార్చినప్పుడే, తేలిపోయింది. మీ ప్లాన్ పెంచితే బఫరింగ్ తగ్గుతుందేమో గానీ, బొమ్మలో కొత్తగా వచ్చి చేరేది ఏమీ ఉండదు.

పట్టపగలు తీసిన సీను, మాట్లాడుకుంటున్న ఇద్దరి ముఖాలు, ఇలాంటివి ఓటీటీలోనూ చక్కగానే ఉంటాయి. తేడా బయటపడేది చీకట్లో, పొగలో, వానలో, నీటి మీద. లైట్లన్నీ ఆర్పేసి ఒక రాత్రి సీను పెట్టి, హీరోను వదిలేసి వెనకున్న ఆకాశాన్నో గోడనో చూడండి. నలుపు నుంచి బూడిద రంగులోకి మెత్తగా జారాల్సిన చోట మెట్లు మెట్లుగా చారలు కనిపిస్తాయి. పొగ కదులుతుంటే దానిలో చిన్న చిన్న గళ్లు మినుకుమంటాయి. కుదింపు ప్రోగ్రాం ముందుగా కోత పెట్టేది ఇక్కడే, ఎందుకంటే కన్ను అటు పోదని దాని అంచనా. 2019 ఏప్రిల్‌లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో రాత్రి యుద్ధం ఎపిసోడ్ ప్రసారమైనప్పుడు ఏమీ కనపడలేదని ప్రపంచమంతా గోల చేసింది. తప్పు తన కెమెరాది కాదని, ప్రసారంలో జరిగిన కుదింపుదీ ఇళ్లలోని టీవీలదీ అని దాని ఛాయాగ్రాహకుడు అన్నాడు. తర్వాత 4కె డిస్కులు వచ్చాక అదే చీకట్లో ఎవరు ఎక్కడున్నారో చాలా మెరుగ్గా తెలిసింది.

ఫిల్మ్ మీద తీసిన పాత సినిమాలది ఇంకో కథ. ఫిల్మ్ మీద సహజంగా ఉండే సన్నని నలుసుల్లాంటి గ్రెయిన్ ఫ్రేము ఫ్రేముకూ మారుతుంది కాబట్టి దాన్ని కుదించడం చాలా కష్టం. తక్కువ డేటాలో అది చెరిగిపోయి ముఖాలు మైనం బొమ్మల్లా తయారవుతాయి. నెగెటివ్‌ను మళ్లీ 4కెలో స్కాన్ చేసిన సినిమా అయితే డిస్కుకు పెట్టిన ప్రతి రూపాయీ గిట్టుబాటే. గత ఇరవై ఏళ్లలో వచ్చిన పెద్ద సినిమాలు ఎన్నో 2కెలోనే (4కెలో సుమారు పావువంతు పిక్సెళ్లతో) పూర్తి చేసి తర్వాత పెంచినవి. వాటి డిస్కుతో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఇంకా బాగా చూపే పద్ధతి), ఎక్కువ డేటా లాభమే గానీ కొత్త వివరమంటూ ఉండదు.

శబ్దం గురించి క్లుప్తంగా. ఓటీటీలో వచ్చే అట్మాస్ (చుట్టూ, పైనుంచి కూడా వినిపించే డాల్బీ శబ్దం) ఎక్కువగా 768 కేబీపీఎస్ (సెకనుకు 768 కిలోబిట్లు) లోపు కుదించింది. డిస్కులో ఆ శబ్దాన్ని మోసే ట్రూహెచ్‌డీ ఫార్మాట్ అసలు ఏమీ పోగొట్టనిది. విడిగా రిసీవర్, స్పీకర్లు ఉన్నవాళ్లకు ఈ తేడా బాగానే తెలుస్తుంది. టీవీ స్పీకర్లతోనో చిన్న సౌండ్‌బార్‌తోనో వినేవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

ఇక మన దగ్గర పరిస్థితి. ఒకప్పుడు వీడియో షాపుల్లో వీసీడీలు, డీవీడీలు అద్దెకు తెచ్చుకున్నాం. అమెరికాలో మనవాళ్లు ఇండియన్ స్టోరుకు సరుకుల కోసం వెళ్లి తెలుగు డీవీడీలు పట్టుకొచ్చేవారు. ఆ రోజులు పోయాయి, 4కె డిస్కుపై తెలుగు సినిమా దొరకడమే అరుదు. హాలీవుడ్ డిస్కులు కూడా మన ఊళ్లలో దాదాపుగా దిగుమతి సరుకే, ఒక్కోటి వేలల్లో ఉంటుంది. ప్లేయర్లు చేసేవాళ్లూ తగ్గిపోతున్నారు: ఒప్పో 2018లో మానేసింది, శామ్‌సంగ్ 2019లో తప్పుకుంది, ఆ తర్వాత ఎల్‌జీ కూడా అదే దారి పట్టింది. సోనీ, పానసోనిక్ ఇంకా చేస్తున్నాయి. నెలకు 649 రూపాయలిస్తే నెట్‌ఫ్లిక్స్‌లో 4కె సినిమాలూ సిరీస్‌లూ ఎన్ని చూసినా అంతే. దీనితో పోలిస్తే డిస్క్ ఖరీదైన సరదానే.

అలాగని ఓటీటీని పూర్తిగా నమ్ముకోలేం. 'ఆర్ఆర్ఆర్' 2022లో ఓటీటీకి వచ్చినప్పుడు నెట్‌ఫ్లిక్స్‌లో హిందీ, జీ5లో తెలుగు. సొంత భాషలో చూడాలంటే ఇంకో చందా కట్టాల్సి వచ్చింది. ఒప్పందం గడువు తీరితే సినిమా చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. నాణ్యత కూడా మన చేతిలో ఉండదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు, నెట్‌వర్కుల మీద భారం తగ్గించడానికి మన దేశంలోని ఓటీటీలు మొబైల్ డేటా మీద వీడియోను 480పీకి, అంటే డీవీడీ స్థాయికి, దించేశాయి. అప్పటి అవసరం కొద్దీ అది సరైన పనే. కానీ షెల్ఫులో ఉన్న డిస్కును అలా ఎవరూ దించలేరు. అన్నిటికంటే నాకు నచ్చేది ఇదే.

కాబట్టి నా సలహా: టీవీ 55 అంగుళాల లోపుదై, స్పీకర్లు విడిగా లేకపోతే ఓటీటీతోనే ఉండండి. ఆ డబ్బుతో ముందు మంచి స్పీకర్లు కొనుక్కోండి. ఓటీటీ కూడా కంప్యూటర్ బ్రౌజర్‌లో కాకుండా టీవీ యాప్‌లోనే చూడండి, చాలా బ్రౌజర్లలో 4కె రానే రాదు. పెద్ద తెర, చీకటి గది, మళ్లీ మళ్లీ చూసే పదీ పదిహేను సినిమాలు ఉన్నవాళ్లు డిస్కుల వైపు రండి. ఇంట్లో డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5 గేమ్ కన్సోల్) ఉంటే వేరే ప్లేయర్ అక్కర్లేదు, 4కె డిస్కులు అందులోనే ఆడతాయి. హెచ్‌డీఆర్‌లో మెరుగైన రకమైన డాల్బీ విజన్ మాత్రం రాదు, మామూలు రకం హెచ్‌డీఆర్10తో సరిపెట్టుకోవాలి. కొనేటప్పుడు సాధారణంగా నల్ల డబ్బాలో వచ్చేది 4కె, నీలం డబ్బాలోది మామూలు బ్లూరే. 4కె డిస్కులకు రీజియన్ లాక్ (ఒక ప్రాంతపు ప్లేయర్లలోనే ఆడాలనే కట్టడి) ఉండదు, ఏ దేశం నుంచి తెప్పించుకున్నా ఆడతాయి. దానితో పాటు వచ్చే మామూలు బ్లూరేకి మాత్రం ఉండవచ్చు, మన దేశానిది రీజియన్ సి.